సంఘం – నాణెం

మాటలకు కూడా చరిత్ర ఉన్నది. ఒక మాట అర్థం ఎప్పుడు మారిందో, ఎవరి అవసరం కోసం మారిందో ఆరా తీస్తే ఆ కాలంలో పైచెయ్యి ఎవరిదో తెలుస్తుంది. తెలుగు పాఠం చెప్పి బతికేవాణ్ణి గనక ఇటువంటి మార్పులు నా చెవిన కొంచెం తొందరగా పడతాయి.

"సంఘం" అనే మాటనే చూడండి. 1946 నుంచి 1951 దాకా తెలంగాణా పల్లెల్లో ఈ మాట పలకటమే సాహసం. అప్పటికి ఖమ్మం జిల్లా లేదు. 1953 లో అది ఏర్పడేదాకా ఆ ప్రాంతం వరంగల్లు జిల్లాలో భాగం. సంఘంలో చేరటమంటే వెట్టి చెయ్యనని దొర మొహాన చెప్పటం, దొర లాక్కున్న భూమిలో మళ్ళీ నాగలి పెట్టటం. సుమారు 3,000 గ్రామాల్లో గ్రామరాజ్య కమిటీలు నడిచాయనీ, 10 లక్షల ఎకరాల భూమి పంచారనీ ఉద్యమ నాయకులు లెక్క చెప్పారు. ఆ లెక్కలో హెచ్చుతగ్గులుంటే ఉండవచ్చు. సంఘమనే మాటకు అప్పటి జనం ఇచ్చిన అర్థంలో మాత్రం సందిగ్ధం లేదు. ఒంటరిగా నిలవలేనివాళ్ళు కలిసి నిలవటం సంఘం. అందులో సభ్యత్వం కొనుక్కునేది కాదు, అమ్ముకునేది అంతకన్నా కాదు.

ఈ నాలుగైదేళ్ళుగా మా విద్యార్థుల నోట ఇదే అర్థం ధ్వనించే కొత్త మాటలు వింటున్నాను. నేను ఖమ్మంలో చదువుకొని, భద్రాచలం వైపు అడవి అంచున ఒక డిగ్రీ కాలేజీలో పనిచేస్తున్నాను. దుమ్ముగూడెం, చర్ల గూడేల నుంచీ, రాష్ట్రం గీత దాటి కూనవరం, చింతూరు వైపు నుంచీ మా దగ్గరికి పిల్లలు వస్తారు. వాళ్ళ ఇళ్ళలో కాలేజీ గడప తొక్కినది చాలావరకు వాళ్ళే మొదలు. అయినా బిట్‌కాయిన్, టోకెన్, బ్లాక్‌చెయిన్ అనే మాటలు వాళ్ళకు కొత్తవి కావు. "ఫలానా కమ్యూనిటీలో చేరాను సార్" అంటారు. "అది కంపెనీ కాదు సార్, డావో" అంటారు. ఇంగ్లీషు అక్షరాలు మూడు కలిపి పలికే ఈ మాటను తెలుగులో "వికేంద్రీకృత స్వయంపాలక సంస్థ" అనుకోవచ్చును. దానికి యజమాని లేడట, అధ్యక్షుడు లేడట, ఆఫీసు లేదట. జమాఖర్చులు అందరి కళ్ళ ముందూ ఉంటాయట. ఏ నిర్ణయమైనా సభ్యుల ఓటు మీదనే జరుగుతుందట.

ఇవి అభ్యుదయవాదికి ఆనందం కలిగించవలసిన మాటలే. అట్లాంటి సంస్థ నిజంగా పుట్టి ఉంటే దాన్ని మనమే ముందు ఆహ్వానించాలి. పుట్టకపోతే ఎందుకు పుట్టలేదో పిల్లలకు చెప్పాలి. మన మిత్రుల్లో కొందరు "అదంతా జూదం" అని ఒక్క ముక్కలో తీసిపారేస్తున్నారు. తీసిపారెయ్యటం తేలికే గాని దానివల్ల ఒక్క విద్యార్థికి కూడా కనువిప్పు కాదు.

ముందు ఈ వస్తువు ఏమిటో చూద్దాం. మా ప్రాంతంలో దీన్ని అర్థం చేసుకోవటానికి తునికాకు కల్లాన్ని మించిన ఉదాహరణ లేదు. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారకముందే ఆడవాళ్ళు అడవికి పోయి ఆకు కోసుకొస్తారు. ఇంటిల్లిపాదీ కూర్చొని 50 ఆకులకు ఒక కట్ట చొప్పున కట్టి కల్లానికి చేరుస్తారు. అక్కడ కల్లేదారు కట్టలు లెక్కపెట్టి పుస్తకంలో రాసుకుంటాడు. పుస్తకం ఒక్కటే, అది అతని చేతిలో ఉంటుంది. కట్టలు పలచగా ఉన్నాయనో ఆకు పాడైందనో నూటికి కొన్ని కట్టలు ఎక్కువ పెట్టమంటాడు. "ఎక్కువెందుకు?" అని అడగటానికి అవతలివాళ్ళ చేతిలో రాతకోత ఏదీ ఉండదు.

ఇప్పుడు ఆ ఒక్క పుస్తకానికి బదులు వేల ప్రతులున్నాయనుకోండి. ఒకచోట రాసినది అన్నిచోట్లా నమోదవుతుంది. ఒకడు తన ప్రతిలో అంకె దిద్దితే మిగిలిన ప్రతులు ఒప్పుకోవు. బ్లాక్‌చెయిన్ అంటే స్థూలంగా ఇంతే. ఈ పద్ధతిలో నడిచే నాణేన్ని ప్రతిపాదిస్తూ సతోషి నకమోతో అనే మారుపేరుతో 2008 అక్టోబరు 31 న ఒక పత్రం వెలువడింది. 2009 జనవరిలో బిట్‌కాయిన్ మొదలయింది. 2015 లో వచ్చిన ఎథీరియం మరొక అడుగు ముందుకు వేసింది. లెక్కలే కాకుండా ఒప్పందాలను కూడా కంప్యూటరు సూత్రాలుగా రాసి ఆ పుస్తకంలోనే పెట్టవచ్చునన్నది. ఫలానా షరతు నెరవేరితే డబ్బు దానంతట అదే చెయ్యి మారుతుంది. గుమాస్తా అక్కరలేదు, జడ్జీ అక్కరలేదు. ఇట్లాంటి ఒప్పందాలతో ఒక సంస్థనే నడిపితే అది డావో.

2008 అనే సంవత్సరాన్ని మరిచిపోరాదు. ఆ సెప్టెంబరులోనే అమెరికాలో లేమన్ బ్రదర్స్ కూలింది. బ్యాంకులు ఆడిన ఆటకు సామాన్యులు ఇళ్ళు పోగొట్టుకున్నారు. ప్రభుత్వాలు ప్రజాధనం తెచ్చి బ్యాంకులను నిలబెట్టాయి. మధ్యలో కూర్చొని మన లెక్క రాసేవాణ్ణి నమ్మరాదన్న కోపంలో నుంచి ఈ ఆలోచనకు బలం వచ్చింది. ఆ కోపం న్యాయమైనది. కల్లం దగ్గర నిలబడ్డ మనిషికి ఆ కోపాన్ని ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

అయితే కోపం న్యాయమైనంత మాత్రాన దాని నుంచి పుట్టిన ప్రతి సంస్థా న్యాయమైనది కాదు. "ది డావో" అనే పేరుతోనే 2016 లో మొదటి పెద్ద ప్రయోగం జరిగింది. ఏప్రిల్ చివర మొదలుపెట్టి మే నెలాఖరుకల్లా వేలమంది దగ్గర సుమారు 15 కోట్ల డాలర్ల విలువైన ఈథర్ నాణేలు పోగుచేశారు. డబ్బు ఎందులో పెట్టాలో సభ్యులే ఓటు వేసి నిర్ణయిస్తారన్నారు. "కోడే చట్టం" అన్నారు. జూన్ 17 న ఎవరో ఆ కోడులో ఒక కంత కనిపెట్టి 36 లక్షల ఈథర్లు బయటికి లాగేశాడు. కోడే చట్టమైతే అతడు చేసినది దొంగతనమని ఎట్లా అనటం? కోడు ఇవ్వమన్నది, అతడు పుచ్చుకున్నాడు. చివరకు జూలై 20 న ఎథీరియం నడిపేవాళ్ళు లెక్కల పుస్తకాన్నే మార్చి, పోయిన డబ్బు వెనక్కు వచ్చేటట్టు చేశారు. అంతకు ముందు జరిగిన సలహా ఓటులో పాల్గొన్నది మొత్తం ఈథర్‌లో చాలా కొద్ది భాగం. ఈ మార్పు ఒప్పుకోనివాళ్ళు పాత పుస్తకాన్నే పట్టుకొని వేరుపడ్డారు. దానికి ఎథీరియం క్లాసిక్ అని పేరు.

డబ్బు వెనక్కు తేవటం తప్పని నేననను. గమనించవలసిన సంగతి వేరు. ఎవరూ దిద్దలేని పుస్తకాన్ని అవసరమైనప్పుడు దిద్దగల మనుషులు ఉండనే ఉన్నారు. అధికారం లేని చోటంటూ లేదు. పేరు లేని అధికారం ఉన్నది, అంతే. పేరున్న అధికారిని నిలదీయవచ్చు, ధర్నా చెయ్యవచ్చు, దింపవచ్చు. పేరు లేనివాణ్ణి ఏ గుమ్మం ముందు నిలబడి అడుగుతాం?

ఇక ఓటు సంగతి. చాలా డావోలలో మనిషికి ఒక ఓటు ఉండదు, నాణేనికి ఒక ఓటు ఉంటుంది. ఎన్ని టోకెన్లు కొంటే అన్ని ఓట్లు. చెయినాలిసిస్ అనే సంస్థ 2022 లో పది పెద్ద డావోలను పరిశీలించి, టోకెన్లున్నవారిలో ఒక శాతం కంటే తక్కువ మంది చేతిలో 90 శాతం ఓటుబలం ఉన్నదని తేల్చింది. అదే ఏడాది ఏప్రిల్ 17 న బీన్‌స్టాక్ అనే సంస్థలో జరిగింది మరీ విచిత్రం. ఒకడు దాదాపు వంద కోట్ల డాలర్లు క్షణకాలపు అప్పు తీసుకున్నాడు. ఆ అప్పుతో మూడింట రెండు వంతుల కంటే ఎక్కువ ఓట్లు సంపాదించాడు. సంస్థ నిధి తనకు అప్పగించాలనే తీర్మానానికి తానే ఓటు వేసి నెగ్గించుకున్నాడు. నిధి ఖాళీ చేసి, అప్పు తీర్చేసి వెళ్ళిపోయాడు. ఇదంతా ఒకే ఒక్క లావాదేవీలో, కొన్ని సెకన్లలో ముగిసింది. నష్టం 18 కోట్ల డాలర్ల పైచిలుకు.

మన పల్లెల్లో ఎన్నికలనాడు ఓట్లు కొనేవాళ్ళను మనం చూస్తూనే ఉన్నాం. కాని ఇక్కడ ఓటు కొనటం నేరం, అందుకని చీకట్లో కొంటారు. అక్కడ ఓటు కొనటమే రాజ్యాంగం.

రెండేళ్ళ కిందట మా డిగ్రీ చివరి సంవత్సరంలో కూనవరం వైపు నుంచి వచ్చిన ఒక కోయ విద్యార్థి ఉండేవాడు. తన స్కాలర్‌షిప్పు డబ్బులూ, తల్లి తునికాకు డబ్బుల్లో కొంతా కలిపి ఇట్లాంటి ఒక "కమ్యూనిటీ" టోకెన్లు కొన్నాడు. లాభం మీద ఆశ లేదనను గాని అతనికి దానికంటే గొప్పగా తోచినది ఓటు. ఒకరోజు క్లాసు అయిపోయాక వచ్చి ఫోను చూపించాడు. నిధిలో కొంత భాగం ఆ సంస్థను మొదలుపెట్టినవాళ్ళకు ప్రతిఫలంగా ఇవ్వాలని తీర్మానం. వద్దని వీడు ఓటు వేశాడు. వద్దన్నవాళ్ళు వందల్లో ఉన్నారు. కావాలన్నవాళ్ళు పట్టుమని పదిమంది లేరు. కావాలన్నదే నెగ్గింది. తరవాత నాలుగు నెలలకు ఆ టోకెను విలువ పావలా వంతు కూడా మిగల్లేదు.

"నీ డబ్బు పోయిందని బాధగా లేదా?" అని అడిగాను.

"ఉన్నది సార్. కని ఎట్ల పోయిందో చూసిన. లెక్క దాచలే" అన్నాడు.

ఆ జవాబు నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. మోసం జరిగినా కళ్ళెదుట జరిగిందన్న తృప్తి వాడిది! ఇంతకాలం వాడి ఇంటివాళ్ళకు ఆ మాత్రం గౌరవమైనా ఎవరూ ఇవ్వలేదన్నమాట. కాని లెక్క కనబడటం వేరు, లెక్క మన చేతిలో ఉండటం వేరు. దొర గడీ గోడలు అద్దాలతో కట్టినా అది గడీయే.

నేను వాడికి గ్రామసభ సంగతి చెప్పబోయాను. ఈ అడవి ప్రాంతంలో చట్టం గుర్తించిన వికేంద్రీకృత సంస్థ ఒకటున్నది. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో గ్రామసభకు ప్రత్యేకమైన స్థానం ఇచ్చింది. చిన్న అటవీ ఫలసాయం మీద యాజమాన్యం దానిదన్నది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం ఎవరు ఏ భూమి సాగుచేసుకుంటున్నారో విచారణ మొదలుపెట్టవలసినది గ్రామసభే. సగం మంది సభ్యులైనా రాకపోతే, వచ్చినవాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు లేకపోతే హక్కులకు సంబంధించిన ఆ సభ చెల్లదు. ఎకరం ఉన్నవాడిదీ ఒక చెయ్యే, పదెకరాలున్నవాడిదీ ఒక చెయ్యే.

వీటన్నిటికంటే ముఖ్యమైనది మరొకటున్నది. అటవీ హక్కు వారసులకు వస్తుంది గాని అమ్మటానికి వీల్లేదని 2006 చట్టం 4 వ సెక్షను స్పష్టంగా చెబుతున్నది. 1959 నాటి రెగ్యులేషనును సవరిస్తూ వచ్చిన 1970 నాటి 1వ రెగ్యులేషను, జనం నోట్లో "వన్ ఆఫ్ సెవెంటీ", షెడ్యూల్డు ప్రాంతంలో భూమిని గిరిజనుడికీ, గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికీ తప్ప ఇతరులకు బదిలీ చెయ్యరాదన్నది. 1997 లో సమత కేసులో సుప్రీంకోర్టు, ఈ నిషేధం ప్రభుత్వానికి కూడా వర్తిస్తుందనీ, అక్కడి భూమిని ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వరాదనీ తీర్పు చెప్పింది.

ఈ చట్టాలకు బినామీలతో ఎన్ని తూట్లు పొడిచారో ఇక్కడివాళ్ళకు తెలియంది కాదు. అయినా వాటి వెనుక ఉన్న ఎరుక విలువైనది. అమ్ముకునే స్వేచ్ఛ ఉన్నచోట డబ్బున్నవాడు చివరకు అంతా కొంటాడు. అంతా కొన్న తరవాత సంఘం ఉండదు, కొన్నవాడు ఉంటాడు. కొన్నిటిని అంగడి నుంచి బయట పెట్టితేనే సంఘం బతుకుతుంది. టోకెను సిద్ధాంతం దీనికి సరిగ్గా తలకిందులు. అందులో సభ్యత్వమే సరుకు. పొద్దున కొని మధ్యాహ్నం అమ్ముకోగల సభ్యత్వం ఉన్నవాడికి ఆ సంస్థ సాయంత్రం ఏమైతేనేం?

ఇదంతా నేను చెప్పగా విని ఆ విద్యార్థి నెమ్మదిగా ఒక మాటన్నాడు: "మా ఊరు వద్దని తీర్మానం రాసింది సార్. చేతులన్నీ లేచినయి. ఆ కాయితం ఇంకా మా దగ్గర ఉన్నది. ఊరే మునకల ఉన్నది. ఆ ఓటుకూ ఈ ఓటుకూ ఏం ఫరక్?"

ఈ ప్రశ్నను దాటవేసే హక్కు మనకు లేదు. పోలవరం ప్రాజెక్టు కోసం 2014 లో ఈ ప్రాంతపు మండలాలను ఒక ఆర్డినెన్సుతో, ఆపైన జూలైలో పార్లమెంటు చేసిన సవరణతో తెలంగాణా నుంచి ఆంధ్రప్రదేశ్‌కు మార్చారు. కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు పోయాయి. బూర్గంపాడులో కొన్ని గ్రామాలు పోయాయి. భద్రాచలం మండలంలో పట్టణం తప్ప మిగిలినదంతా పోయింది. రాముడి గుడి ఒక రాష్ట్రంలో ఉన్నది, పురుషోత్తపట్నంలోని గుడి భూములు మరొక రాష్ట్రంలో ఉన్నవి. ఎథీరియం చీలినప్పుడు నాణెమున్నవాడికి పాత పుస్తకంలోనూ కొత్త పుస్తకంలోనూ ఖాతా మిగిలింది. ఏది లాభమైతే అది ఉంచుకున్నాడు. మన ఊళ్ళు చీలినప్పుడు ఎవరికీ రెండు ఊళ్ళు రాలేదు. "నచ్చకపోతే విడిపోయి వేరే పుస్తకం పెట్టుకో" అనటం నాణేల లోకంలో స్వేచ్ఛ. పొలమూ చెట్టూ గోదారి ఒడ్డూ ఉన్నవాడికి ఆ మాట శాపనార్థం.

గ్రామసభ బలహీనతలు ఇంకా ఉన్నవి. అటవీ హక్కు విచారణ గ్రామసభ దగ్గర మొదలైనా తుది నిర్ణయం కలెక్టరు అధ్యక్షుడుగా ఉన్న జిల్లా కమిటీది. ఫలసాయం గ్రామసభదని 1996 లో అన్నా, మా జిల్లాలో తునికాకు వ్యాపారం 1971 నాటి చట్టం కింద ప్రభుత్వం అదుపులోనే నడుస్తూ వచ్చింది. తీర్మానం మీద ముందే వేలిముద్రలు తీసుకొని తరవాత విషయం రాసిన సందర్భాలు అడిగితే ప్రతి గూడెంలో చెబుతారు.

కాబట్టి వాడి ప్రశ్నకు జవాబు ఇట్లా చెప్పవలసి ఉన్నది. గ్రామసభలో ఓటు సమానం, దానికి అధికారం లేదు. డావోలో ఓటుకు అధికారం ఉన్నది, అది సమానం కాదు. పైకి రెండు చోట్లా ఓడినది పేదవాడే గనక రెండూ ఒకటేననిపిస్తుంది. కాని తేడా ఉన్నది. గ్రామసభ మాట చెల్లకపోతే అది చట్టాన్ని ఉల్లంఘించటం. డావోలో పదిమంది మాట వందలమంది మీద చెల్లితే అది చట్టాన్ని అమలుపరచటం. మొదటిదాన్ని పోరాడి సరిచెయ్యవచ్చును, ఎందుకంటే న్యాయం మన పక్షాన రాసి ఉన్నది. రెండోదానిలో పోరాడటానికి ఏమీ లేదు. ఇంకొన్ని టోకెన్లు కొనుక్కోవటం తప్ప.

పోరాడితే ఏమవుతుందో తెలుసుకోవటానికి దూరం పోనక్కరలేదు. పొరుగున ఒడిశాలో నియమగిరి కొండల మీద బాక్సైటు తవ్వకం విషయంలో గ్రామసభలే నిర్ణయించాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఏడాది 12 గ్రామసభలు జరిగాయి. డోంగ్రియా కోందులూ వాళ్ళ పొరుగువాళ్ళూ పన్నెండింటికి పన్నెండు చోట్లా వద్దన్నారు. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి నిరాకరించింది. ఆ చేతులకు బలం ఎక్కడిది? ఒక్క రోజు సభలో పుట్టలేదది. అంతకు ముందు ఏళ్ళ తరబడి జరిగిన ఉద్యమంలో పుట్టింది.

వికేంద్రీకరణ అనే మాటను మనకు అమ్మజూపినవాళ్ళు వీళ్ళే మొదలు కాదు. స్వయంసహాయక బృందాలు మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు ఎంత మేలు చేశాయో అందరికీ తెలుసు. ఆ బృందం నమూనానే సూక్ష్మరుణ కంపెనీలు కూడా వాడుకున్నాయి. ఒకతె బాకీ పడితే మిగిలినవాళ్ళు కట్టాలన్నారు. ఇరుగమ్మే పొరుగమ్మ ఇంటి ముందు వసూలుకు కూర్చోవలసి వచ్చింది. అప్పుల బాధతో ఆత్మహత్యలు జరిగి, 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. అక్కడ వికేంద్రీకరించినది బాధ్యతను. లాభం కేంద్రంలోనే ఉన్నది.

డావోల విషయంలోనూ ఇదే కనబడుతున్నది. ఓకీ అనే డావో మీద అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి 2022 లో కేసు పెట్టింది. ఆ వ్యాపారాన్ని నడిపినవాళ్ళు దాన్ని డావోగా మార్చటంలో ఉద్దేశం, చట్టం చేతికి చిక్కకుండా ఉండటం. 2023 జూన్‌లో కోర్టు ఆ సంస్థనే బాధ్యురాలిగా నిర్ణయించి జరిమానా వేసింది. ఓటు వేసిన సభ్యుడు కూడా బాధ్యుడు కావచ్చునన్న వాదం ఆ కేసుతో ముందుకు వచ్చింది. మన దేశంలో 2022 ఏప్రిల్ నుంచి ఈ ఆస్తుల లాభం మీద 30 శాతం పన్ను వసూలవుతున్నది. పన్ను కట్టటానికి చోటున్నది. డబ్బు పోయిన మా విద్యార్థి ఫిర్యాదు చెయ్యటానికి ఎవరి గుమ్మమూ లేదు.

అయితే సంఘంగా ఏర్పడి ఆర్థిక వ్యవహారం నడపటం అసాధ్యమా? కాదు. 1844 లో ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో 28 మంది, వారిలో నేతపనివారు ఉన్నారు, పెట్టిన దుకాణం సహకారోద్యమానికి దారి చూపింది. వాటా ఎంతైనా మనిషికి ఒకే ఓటు అన్నది ఆ ఉద్యమపు మూలసూత్రమైంది. మన తెలంగాణాలోనే ముల్కనూరులో 1956 లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి నాయకత్వాన మొదలైన సహకార సంఘం ఈనాటికీ నడుస్తున్నది. రైతుకు అప్పు ఇస్తుంది, పంట కొంటుంది, లెక్క సభ్యుల ముందు పెడుతుంది. దాని సభ్యులు ఒకరి పొలం ఒకరికి తెలిసినవాళ్ళు. సభ్యత్వాన్ని సంతలో పెట్టి అమ్మరు. అటువంటి సంఘం మెల్లగా పెరుగుతుంది. నాలుగు వారాల్లో 15 కోట్ల డాలర్లు దానికి రావు. ఒక్క లావాదేవీలో పోవు కూడా.

కనుక ఏ సంస్థ అయినా తనను తాను వికేంద్రీకృతమని చెప్పుకున్నప్పుడు మన విద్యార్థుల చేత మూడు ప్రశ్నలు అడిగించాలి. ఆస్తి ఎవరిది? వద్దు అనే మాట ఎవరికి చెల్లుతుంది? నష్టం వస్తే ఎవరి ఇంటికి వస్తుంది? ఈ మూడింటికీ జవాబులు తెలియకుండా పుస్తకానికి ఎన్ని వేల ప్రతులున్నాయని లెక్కపెట్టి లాభం లేదు. ఈ ప్రశ్నలు డావోలకే కాదు, గ్రామసభకూ, సహకార సంఘానికీ, మన సంఘాలకూ వేయవలసినవే.

ప్రతులుండటం పనికిరానిదని నా అభిప్రాయం కాదు. పోయిన వేసవిలో ఆ విద్యార్థీ, మరి నలుగురూ కలిసి తమ వైపు ఒక కల్లంలో చిన్న పని మొదలుపెట్టారు. ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క నోటుబుక్కు ఇచ్చారు. ఏ రోజు ఎన్ని కట్టలు పెట్టారో ఇంట్లో చదువుకున్న పిల్లో పిల్లవాడో రాస్తారు. చదువు వచ్చినవాళ్ళు లేని ఇంటికి పక్కింటివాళ్ళు రాస్తారు. వారానికొకసారి చింతచెట్టు కింద అందరూ కూర్చొని పుస్తకాలు సరిచూసుకొని, ఆ లెక్కతో కల్లేదారు లెక్కను పోల్చుకుంటారు. తేడా వస్తే ఒక్కరు కాదు, అందరూ పోయి అడుగుతారు. వాళ్ళ పుస్తకాలను కొనేవాడు లేడు, వాటికి అంగట్లో ధర లేదు. ఎక్కువ కట్టలు పెట్టమనటం పూర్తిగా ఆగిపోలేదని వాడే చెప్పాడు. "కని ఇప్పుడు అడిగేటప్పుడు ఆయన గొంతు తగ్గింది సార్" అన్నాడు.

ఆ నోటుబుక్కులకు వాళ్ళు ఏ పేరూ పెట్టలేదు. కల్లానికి పోయే ఆడవాళ్ళు మాత్రం దాన్ని సంఘం లెక్క అంటున్నారు.